స్కూల్ డ్రామా క్లబ్‌లో మొదటిసారి చేరుతున్నా, ముందే ఏం తెలిసుండాలి?

కొత్తమొహం_8

అందరికీ నమస్తే. నేను ఎనిమిదో తరగతి. మా స్కూల్లో డ్రామా క్లబ్‌కి పేరిచ్చాను, వచ్చే వారం మొదటి క్లాసు. ఇప్పటిదాకా స్టేజి ఎక్కింది లేదు, క్లాసులో పాఠం చదవమన్నా నా గొంతు ముందు బెంచీ దాటదు. మరి ఎందుకు చేరుతున్నావంటారేమో, పోయినేడు మా సీనియర్లు వేసిన నాటకం చూశాను. అందులో ఒక అక్క ఉత్తరం చదివే సీను ఉంది. పైకి చదవలేదు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కాయితం మడత విప్పి, చదివి, మళ్ళీ అదే మడతలో పెట్టేసింది. హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. అది ఎలా చేశారో తెలుసుకోవాలని అప్పటినుంచీ ఉంది నాకు.

ఆడిషన్‌లో ఏం అడుగుతారు? పాట, డాన్సు వచ్చి తీరాలా? ఇంట్లో ఏమైనా నేర్చుకుని వెళ్ళాలా? అక్కడున్న వాళ్ళంతా ఆరో తరగతినుంచీ కలిసి చేస్తున్నవాళ్ళు, మధ్యలో నేనెళ్తే ఎలా చూస్తారో అని ఒకటే టెన్షన్. కానీ మానేయాలని మాత్రం లేదు. అన్నలూ అక్కలూ, మీకు తెలిసింది చెప్పండి.

వింగ్స్‌లో_నేను

చెల్లీ, మంచి పని చేశావు. మొదటిరోజే చేతికి స్క్రిప్టు ఇచ్చే క్లబ్బులు తక్కువ. అందరినీ గుండ్రంగా నిలబెట్టి, పేర్లు చెప్పించి, ఆటలాడిస్తారు. లేని బంతిని ఉన్నట్టు విసరడం, పట్టుకోవడం, అద్దం ఆట, ఇలాంటివన్నమాట. "నటన నేర్పుతారనుకుంటే గెంతులేయిస్తున్నారు" అని మా బ్యాచ్‌లో ఒకరిద్దరు మానేశారు కూడా. నాకు తెలిసి అసలు చదువు అక్కడే ఉంది.

అద్దం ఆట సంగతే చూడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఒకరు ఎలా కదిలితే రెండోవాళ్ళు అచ్చం అలాగే కదలాలి. మొదట్లో నడిపించేవాళ్ళు గబగబా చేతులు తిప్పేసి ఎదుటివాళ్ళని తికమక పెట్టాలని చూస్తారు. కాసేపటికి తెలిసొస్తుంది, ఎదుటి మనిషి అందుకోగలిగినంత నెమ్మదిగా కదిలితే తప్ప ఆట సాగదని. ఆ తర్వాత టీచర్ "ఇక ఎవరూ నడిపించొద్దు, ఇద్దరూ అనుసరించండి" అంటారు. అప్పుడు చూడాలి, కదలిక ఎవరి దగ్గర మొదలైందో బయటనుంచి చూసేవాళ్ళు చెప్పలేరు. రేపు సీనులో ఎదుటివాళ్ళు ఒక మాట కొత్తగా పలికితే నువ్వు దానికి తగ్గట్టు మారగలగడం ఇక్కడ అలవాటవుతుంది.

ఈ ఆటలు ఎవరికో తోచి పెట్టినవి కావు. అమెరికాలో వయొలా స్పోలిన్ అనే ఆవిడ షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో, పెద్దలతో నాటకం చేయిస్తూ ఇలాంటి ఆటలు ఎన్నో తయారుచేసింది. 1963లో అవి పుస్తకంగా వచ్చాయి, అప్పటినుంచీ ఎన్నో దేశాల్లో డ్రామా టీచర్లు వాడుతున్నారు. పిల్లలకి "ఇలా నటించు" అని చెప్తే బిగుసుకుపోతారు, అదే ఆటలో పెట్టి ఒక పని అప్పజెప్తే తమని తాము మర్చిపోయి చేస్తారు. ఆవిడ పట్టుకున్న కిటుకు అదే.

పాటా డాన్సూ మ్యూజికల్ వేస్తే తప్ప అక్కర్లేదు. వదులు బట్టలు, జారని బూట్లు, నీళ్ళ సీసా, పెన్సిలు, రబ్బరు తీసుకెళ్ళు. పెన్ను వద్దు. ఇవాళ కుడినుంచి రమ్మన్నవాళ్ళు రేపు ఎడమనుంచి రమ్మంటారు, స్క్రిప్టులో చెరిపి రాసుకోవాలి.

డ్రామా_మేడమ్

నేను స్కూల్లో డ్రామా చెప్తాను, ఆడిషన్లు పెట్టేవైపు ఉంటాను కాబట్టి ఆ సంగతి నేను చెప్తానమ్మా.

అందరికంటే బాగా నటించినవాళ్ళకే పాత్ర వస్తుందనుకుంటారు పిల్లలు. నేను చూసేది వాళ్ళు రెండోసారి ఎలా చేస్తారన్నది. ఒకసారి చదివించాక "ఇవే మాటలు, కానీ పక్కన చంటిపిల్ల నిద్రపోతోంది, లేవకూడదు, అలా చెప్పు" అంటాను. మొదటిసారి అద్భుతంగా చదివిన పిల్లాడు రెండోసారీ అచ్చం అలాగే చదివితే వాడు ఇంట్లో అద్దం ముందు ఖాయం చేసుకొచ్చాడని అర్థం, వాడితో ఇక ముందుకు కదలడం కష్టం. తడబడుతూ చదివిన అమ్మాయి రెండోసారి నిజంగా గొంతు తగ్గించి, ఆ లేని పాప వైపు ఒకసారి చూసిందనుకోండి, నాకు అది చాలు. అందుకని ఇంట్లో మరీ ఎక్కువ తయారై రావద్దు.

చాలాచోట్ల అప్పటికప్పుడు ఒక పేజీ చేతికిచ్చి ఇద్దరితో చదివిస్తారు. పేజీ అందగానే డైలాగుల మీద పడిపోకుండా మూడు ప్రశ్నలు వేసుకో: నేనెవరిని, ఎవరితో మాట్లాడుతున్నాను, వాళ్ళనుంచి నాకేం కావాలి. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ తన నటులచేత ఇలాంటి ప్రశ్నలే అడిగించేవాడు, ఇప్పటికీ నటన నేర్పే చాలాచోట్ల ఏదో ఒక రూపంలో అవే నడుస్తున్నాయి. "కోపంగా చెప్పాలి" అనుకుంటే పిల్లలు మొహం చిట్లించి ఊరుకుంటారు. "వాడు నా సైకిలు తిరిగిచ్చేదాకా వదలను" అనుకుంటే కోపం దానంతటదే వస్తుంది.

కాయితం మొహానికి అడ్డం పెట్టకు, గుండెల ఎత్తులో పట్టుకో. వాక్యం ఒకసారి చూసి, తలెత్తి, ఎదుటివాళ్ళకి చెప్పు. వాళ్ళు చదువుతున్నప్పుడు నీ తర్వాతి డైలాగు వెతుక్కోకు, వాళ్ళనే చూడు. దానివల్ల నీ వంతు రావడం ఒక క్షణం ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు. వింటున్న పిల్లలు మాకు ఇట్టే తెలిసిపోతారు.

ఇద్దరు_పిల్లల_తండ్రి

నేను వేరే వైపునుంచి అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. మా వాడూ ఇలాగే చేరతానంటున్నాడు. సాయంత్రాలన్నీ రిహార్సళ్ళకి పోతే చదువు సంగతేంటి? పైగా నాటకం చేసినంత మాత్రాన అందరూ నటులవుతారా? ఏదో ఒకదాని మీద దృష్టి పెట్టాలి కదా ఆ వయసులో. తెలిసినవాళ్ళు నిజం చెప్పండి, "ధైర్యం వస్తుంది" లాంటి మాటలు చాలా విన్నాను.

డ్రామా_మేడమ్

సర్, మీ ప్రశ్న న్యాయమైనదే. మామూలు రోజుల్లో వారానికి ఒకటి రెండు సాయంత్రాలు పడుతుంది. నాటకానికి ముందు రెండు వారాలు మాత్రం గట్టిగా పడుతుంది. వేషాలు వేసుకుని చేసే డ్రెస్ రిహార్సలూ, లైట్లూ సౌండూ సరిచూసే టెక్ రిహార్సలూ అప్పుడే ఉంటాయి, టెక్ రిహార్సల్ అయితే నటులు ఎక్కువసేపు ఊరికే నిలబడి ఎదురుచూడాలి. కాబట్టి చేర్పించే ముందే ప్రదర్శన తేదీ అడిగి, అది పరీక్షలకి ఎంత దూరంలో ఉందో చూసుకోండి. మరీ దగ్గరైతే ఈసారి చిన్న బాధ్యత చాలని చెప్పండి, ఏ టీచరూ కాదనరు. చేరాక మధ్యలో మాన్పించడం మాత్రం వద్దు సర్. ఒక పిల్లాడు తగ్గితే వాడితో సీనున్న పిల్లలందరి పనీ మళ్ళీ మొదటికొస్తుంది.

నటులవుతారా అంటే, ఎక్కువమంది అవ్వరు, నేను ఆ ఆశతో చెప్పడమూ లేదు. మీరు నిజం అడిగారు కాబట్టి నేను కళ్ళారా చూసేది చెప్తాను. నాటకం వేసిన పిల్లలు అవతలివాళ్ళు మాట పూర్తిచేసేదాకా ఆగుతారు. పద్నాలుగేళ్ళ పిల్లల్లో ఇది అరుదు. మాట పడగానే తమ డైలాగు అందుకోవాలి కాబట్టి రోజూ దాన్నే సాధన చేస్తారు, అది మిగతా చోట్లకీ వస్తుంది. ధైర్యం అందరికీ వస్తుందని నేను హామీ ఇవ్వలేను, కొందరికి నాలుగు నాటకాల తర్వాత కూడా స్టేజి ఎక్కే ముందు చేతులు వణుకుతాయి. వణుకుతూనే వెళ్ళి చేసొస్తారు.

ఇద్దరు_పిల్లల_తండ్రి

థాంక్స్ మేడమ్. తేదీ అడుగుతాను.

పదహారో_పేజీ

నాదొక ప్రశ్న కలపొచ్చా. నేను తొమ్మిదో తరగతి అబ్బాయిని, గొంతు మారుతోంది. మాట మధ్యలో ఉన్నట్టుండి సన్నగా కీచుమంటుంది, అందరూ నవ్వుతారు. ఈ ఏడాదికి ఆగమంటారా?

స్వరసాధన

ఆగొద్దు తమ్ముడూ. ఆ వయసులో స్వరతంత్రులు పొడవుగా, మందంగా పెరుగుతుంటాయి, కొత్త కొలతకి కండరాలు అలవాటు పడేదాకా పట్టు తప్పుతూ ఉంటుంది, అంతే. కొన్ని నెలల్లో కుదుటపడుతుంది. ఈలోగా రెండు పనులు చెయ్యకు. పెద్దమనిషి పాత్ర కదా అని గొంతు బలవంతంగా కిందికి నొక్కి మాట్లాడకు, గొంతు బొంగురుగా ఉన్న రోజు అరవకు. గుసగుసగా మాట్లాడినా గొంతుకి విశ్రాంతి దొరకదు, మామూలుగా, తక్కువగా మాట్లాడు. మీ టీచర్‌కి ముందే చెప్పేస్తే అరిచే సీన్లు ఇంకొకరికి ఇస్తారు.

కొత్తమొహం చెల్లికి కూడా: గొంతు ముందు బెంచీ దాటట్లేదంటే నీకు గొంతు లేదని కాదు, ఊపిరి చాలట్లేదని. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గాలి పీల్చు. భుజాలు లేస్తే పైపై ఊపిరి, పొట్టా కింది పక్కటెముకలూ విచ్చుకుంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, డయాఫ్రమ్, కిందికి దిగి ఊపిరితిత్తులు నిండుతున్నట్టు. ఆ ఊపిరి మీద మాట్లాడితే అరవకుండానే మాట వెళ్తుంది. హాల్లో చివరి వరుసలో ఒక కుర్చీ ఎంచుకుని, అక్కడ కూచున్న మనిషికి చెప్తున్నట్టు చెప్పు.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. మనం వాక్యం మొదలు గట్టిగా ఎత్తుకుని చివరికి వచ్చేసరికి మింగేస్తాం. తెలుగులో క్రియ ఉండేది చివర్నే, అవునో కాదో తేలేదీ అక్కడే. "నేను రేపు మీ ఇంటికి" దాకా గట్టిగా పలికి "వస్తాను"నో "రాను"నో గాలికొదిలేస్తే ప్రేక్షకులకి ఏం మిగిలింది? నేను పిల్లలకి చెప్పించే ఒకే ఒక్క సాధన ఇది, ప్రతి డైలాగులో ఆఖరి మాటని మొదటి మాటంత బలంగా పలకడం. కొద్దిరోజులు చేసి చూడు, "మేడమ్, ఈ అమ్మాయి గొంతు పెరిగిందే" అంటారు.

కొత్తమొహం_8

మొదటి క్లాసు అయింది! అక్క చెప్పినట్టే గుండ్రంగా నిలబెట్టారు, అద్దం ఆట ఆడించారు. నన్నెవరూ వింతగా చూడలేదు, అసలు అందరూ ఆటలో మునిగిపోయారు. తర్వాత ఆడిషన్ కూడా అయింది, పేజీ చదివాక టీచర్ నిజంగానే "ఇంకోలా చెయ్యి" అన్నారు, మేడమ్ ముందే చెప్పబట్టి కంగారు పడలేదు.

నాకు పాత్ర వచ్చింది. ఇంటి పనమ్మాయి. మొదటి సీనునుంచి చివరి సీనుదాకా స్టేజి మీదే ఉంటాను కానీ డైలాగులు నాలుగే. మిగతా టైమంతా అక్కడ నిలబడి ఏం చెయ్యాలి? మా ఫ్రెండ్స్ "పాపం" అంటున్నారు. నాకూ కొంచెం బాధగానే ఉంది, కానీ ఎందుకో వదులుకోవాలనీ లేదు.

ముందువరుస

నాలుగు డైలాగుల కోసం నెలల తరబడి సాయంత్రాలు పాడుచేసుకోవడం దండగ. వెళ్ళి పెద్ద పాత్ర అడుగు, లేదంటే వక్తృత్వ పోటీలకి వెళ్ళు, అక్కడైతే మాట్లాడేది పూర్తిగా నువ్వే. నిర్మొహమాటంగా చెప్తున్నాను, ఎవరో ఒకరు చెప్పాలి కదా.

తెరవెనక_పెద్దక్క

ముందువరుస గారూ, మీతో ఏకీభవించలేను. వక్తృత్వం మంచిదే, అది వేరే విద్య. అక్కడ ఎదుట మనిషి ఉండడు. ఈ అమ్మాయి చేరిందే మాట లేని సీను చూసి, ఆ సంగతి మర్చిపోతున్నారు.

చెల్లీ, ఆ ఉత్తరం సీను గురించి చెప్తాను విను. నేను చాలాకాలంగా నాటకాలకి ప్రాప్స్, అంటే స్టేజి మీద వాడే వస్తువులు, చూస్తున్నాను, ఉత్తరాలు ఎన్ని తయారుచేశానో. స్టేజి మీదికి తెల్లకాయితం పంపను. అందులో ఉండాల్సిన ఉత్తరం మొత్తం, సంబోధననుంచి సంతకందాకా, చేత్తో రాసి పంపుతాను. ప్రేక్షకుల్లో ఒక్కరికీ ఆ అక్షరాలు కనపడవు. కానీ తెల్లకాయితం చూసే కళ్ళు ఒకచోట ఆగిపోతాయి, నిజంగా చదివే కళ్ళు వరుస వెంబడి కదులుతాయి, ఒకచోట ఆగి వెనక్కెళ్తాయి, ఆ తేడా వెనక వరుసలోవాళ్ళకీ తెలుస్తుంది. కాయితాన్ని ముందే చాలాసార్లు మడిచి విప్పి మెత్తబరుస్తాను, లేకపోతే కరకరమని చప్పుడు చేసి సీను పాడుచేస్తుంది. మడత కూడా ఒకేచోట పడాలి. మీ సీనియర్ అదే మడతలో పెట్టేసింది అన్నావే, అది ఊరికే జరిగి ఉండదు, ఎవరో కాయితం మీద పనిచేశారు, ఆ అమ్మాయి ఆ మడతని సాధన చేసింది.

నాలుగు డైలాగుల పాత్రలోనూ ఇంతే. పైన డ్రామా మేడమ్ చెప్పిన ప్రశ్నలు వేసుకో. ఆ ఇంట్లో పనమ్మాయికి ఎవరంటే భయం, ఎవరంటే ఇష్టం? ఇప్పుడు వీళ్ళు మాట్లాడుకునే సంగతి ఆమెకి ముందే తెలుసా? ఆమె చేతిలో ఏ పని ఉంది? పనుండాలి చేతిలో. తుడవడమో, మడతపెట్టడమో. ఎవరైనా ఒక మాట అన్నప్పుడు ఆ చెయ్యి అరక్షణం ఆగితే చాలు, ఆమె విన్నదని హాలంతటికీ తెలుస్తుంది. అంతకు మించి చెయ్యకు. పక్కవాళ్ళు మాట్లాడుతుంటే గుడ్డ దులపడం, మొహం తిప్పడం, ప్రేక్షకుల చూపు లాక్కోవడం పెద్ద తప్పు. ఎప్పుడు కదలాలి, ఎప్పుడు కదలకూడదు అన్నది ఆ పాత్రలో నేర్చుకున్నంత బాగా హీరోయిన్ పాత్రలో నేర్చుకోలేవు.

వింగ్స్‌లో_నేను

పెద్దక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకోమాట, తెరవెనక పనిని కూడా తక్కువగా చూడొద్దు ఎవరూ. నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్తుంది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఆహార్యం అంటే వేషం, అలంకరణ, రంగస్థలం మీది సామగ్రి. దాన్ని "సహాయం" అనలేదు, అభినయమే అంది. బటన్లు కుట్టే పిల్లలు కూడా అభినయంలో భాగమే అన్నమాట, నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం.

మా దగ్గర ప్రాప్స్ టేబుల్ మీద తెల్లకాయితం పరిచి, ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి లోపల దాని పేరు రాస్తారు. ఒక్క గడి ఖాళీగా కనపడితే చాలు, ఏది రాలేదో తెలిసిపోతుంది. నీది కాని వస్తువు ముట్టుకోకూడదు, చూసి పెడదామని కూడా. ఇది ఏ డ్రామా క్లబ్‌లోనైనా మొదటి నియమం, కొత్తవాళ్ళు తిట్లు తినేది ఎక్కువగా దీనిమీదే. ఇంకోటి, లైట్లు నడిపేవాళ్ళకి స్టేజ్ మేనేజర్ "స్టాండ్‌బై" అని, సరైన క్షణానికి "గో" అంటారు. ఆ "గో" అనే మాట కోసమే వేళ్ళు స్విచ్చుల మీద ఉంటాయి కాబట్టి, ప్రదర్శన నడుస్తుండగా వాళ్ళ దగ్గర మామూలు కబుర్లలో కూడా ఆ మాట వాడరు.

పదహారో_పేజీ

నేనూ చేరిపోయాను, మాస్టారి పాత్ర ఇచ్చారు, అరుపులు లేవు. కానీ డైలాగులు పేజీలకి పేజీలు ఉన్నాయి. నా డైలాగులన్నీ పసుపు రంగు పూసి పద్యంలా బట్టీ పడుతున్నాను. ఇంట్లో గడగడా వచ్చేస్తున్నాయి, రిహార్సల్‌కి వెళ్తే ఒక్కటీ తట్టట్లేదు. ఎందుకిలా?

డ్రామా_మేడమ్

ఎందుకంటే ఇంట్లో నువ్వు నీ డైలాగు తర్వాత నీ డైలాగే చెప్తున్నావు. స్టేజి మీద నీ ప్రతి మాటకీ ముందు ఇంకొకరి మాట ఉంటుంది, ఆ క్యూని నువ్వు నేర్చుకోలేదు. పసుపు రంగు నీ డైలాగుకి పూశావు కదా, ఇంకో రంగు తీసుకుని దానికి ముందు వచ్చే అవతలివాళ్ళ ఆఖరి నాలుగు మాటలకి పూయి. తర్వాత నీ డైలాగుల మీద కార్డు కప్పి, క్యూ చదివి, నీది చెప్పి, కార్డు జరిపి సరిచూసుకో. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచాక చూడకుండా ఒకసారి చెప్పుకో. రోజూ కాసేపు చేసింది నిలుస్తుంది, ఆఖరి రోజు ఏకబిగిన చేసింది నిలవదు.

అసలు బట్టీకంటే మంచి దారి ఉంది. హెల్గా నోయిస్, టోనీ నోయిస్ అని భార్యాభర్తలు, ఆవిడ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన నటుడు, దర్శకుడు. నటులు అంతంత డైలాగులు ఎలా గుర్తుపెట్టుకుంటారని ఏళ్ళ తరబడి పరిశోధించారు. వాళ్ళు గమనించింది ఏమంటే, అనుభవమున్న నటులు మాటల్ని ముందు బట్టీ పట్టరు, ఈ పాత్ర ఈ మాట ఎందుకంటోంది, దీనితో అవతలివాళ్ళని ఏం చెయ్యాలనుకుంటోంది అని వెతుకుతూ పోతారు, మాటలు ఆ వెంటే పట్టుబడతాయి. కదులుతూ చెప్పిన డైలాగులు, కదలకుండా చెప్పినవాటికంటే బాగా గుర్తుంటాయని కూడా తేల్చారు. అందుకని కుర్చీలో కూచుని చదవకు. గదిలో నాలుగు గుర్తులు పెట్టుకుని, స్టేజి మీద ఎక్కడికి నడుస్తావో అక్కడికి నడుస్తూ చెప్పు.

రిహార్సల్‌లో మర్చిపోతే "సారీ" అనొద్దు, నవ్వొద్దు, నాలుక కరుచుకోవద్దు. పాత్రలోనే ఉండి "లైన్" అను, పుస్తకం పట్టుకున్నవాళ్ళు అందిస్తారు, అందుకుని సాగిపో.

ముందువరుస

మేడమ్ చెప్పిన క్యూల సంగతి బాగుంది, నేను వక్తృత్వం పిల్లలకి చెప్పేటప్పుడు ఇలాంటిది ఎప్పుడూ అవసరం పడలేదు. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, పిల్లలకి మాట్లాడే అవకాశం తక్కువైతే ఉత్సాహం పోతుందనే అంటాను. కానీ ఆ ఉత్తరం కాయితం సంగతి విన్నాక మౌనంగా ఉండే పాత్రలో పని లేదని మాత్రం అనను.

కొత్తమొహం_8

అందరికీ చాలా థాంక్స్. నా పనమ్మాయికి చేతిలో ఇత్తడి గ్లాసులు తుడిచే పని పెట్టారు టీచర్, నేనే అడిగాను. ఒక్కొక్క మాటకి ఎక్కడ చెయ్యి ఆపాలో స్క్రిప్టులో గుర్తులు పెట్టుకున్నాను. ఇంకో రెండు సందేహాలు. టీచర్ "కుడి ముందుకి రా" అంటే నేను ఎడమకి వెళ్ళిపోతున్నాను, అది ఎవరి కుడి? రెండోది, ప్రదర్శన రోజు మా హీరో డైలాగు మర్చిపోతే స్టేజి మీదున్న నేనేం చెయ్యాలి?

తెరవెనక_పెద్దక్క

ఎప్పుడూ నటుల కుడి, ఎడమే. ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడితే నీ కుడిచెయ్యి ఎటుంటే అది స్టేజి కుడి. ముందు అంటే ప్రేక్షకులకి దగ్గర, దాన్ని డౌన్‌స్టేజ్ అంటారు, వెనక అంటే అప్‌స్టేజ్. పాతకాలం ఐరోపా నాటకశాలల్లో స్టేజి వెనక్కి పోనుపోను ఎత్తుగా ఏటవాలుగా ఉండేది, వెనక్కి నడవడమంటే నిజంగానే పైకి ఎక్కడం, ఆ మాటలు అలా మిగిలిపోయాయి. స్క్రిప్టు అంచున "కు.ముం", "ఎ.వె" అని పొట్టిగా రాసుకో, కొన్నాళ్ళకి కాళ్ళకే తెలుస్తుంది. కూచున్నా నిలబడ్డా ప్రేక్షకులకి పూర్తిగా వీపు పెట్టకు, పక్కవాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు కూడా భుజం కొంచెం హాలు వైపు తెరిచి ఉంచు.

డ్రామా_మేడమ్

రెండో ప్రశ్నకి. మర్చిపోయినవాళ్ళ మొహంలోకి కంగారుగా చూడకు, ప్రేక్షకులకి ఆ చూపే పట్టిస్తుంది. నాటకం వాళ్ళకి తెలియదు, అది విరామం అనుకుంటారు. నువ్వు పనమ్మాయివి కాబట్టి నీకు ఒక సౌకర్యముంది, గ్లాసు పట్టుకుని దగ్గరికెళ్ళి "అయ్యగారూ, ఉత్తరం సంగతి ఏమైందండీ" అనొచ్చు, అంటే అతని తర్వాతి డైలాగులో ఉన్న విషయాన్ని ప్రశ్నగా మార్చి అందించడం. అలా చెయ్యాలంటే నీ నాలుగు డైలాగులే కాదు, ఆ సీను మొత్తం ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నీకు తెలిసుండాలి. ఎలాగూ మొత్తం సీను వింటూనే ఉంటావు కదా. మీ టీచర్ ఒప్పుకుంటే రిహార్సల్‌లోనే ఒకసారి కావాలని మర్చిపోయినట్టు చేసి సాధన చెయ్యండి, నేను మా పిల్లలచేత చేయిస్తాను.

ఇక టెన్షన్ గురించి. గుండె దడ, చేతులు చల్లబడటం, నోరెండటం, ఇదంతా అడ్రినలిన్ పని, దాన్ని వద్దంటే పోదు. "శాంతించు, శాంతించు" అనుకునేకన్నా "నాకు హుషారుగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్ళు పాటలోనూ ప్రసంగంలోనూ మెరుగ్గా చేశారని అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. టెన్షన్‌లోనూ హుషారులోనూ గుండె కొట్టుకునేది ఒకేలా కాబట్టి ఒకదాన్నుంచి రెండోదానికి మారడం తేలిక. మా పిల్లలు తెర లేచే ముందు వింగ్స్‌లో, అంటే స్టేజి పక్కన ప్రేక్షకులకి కనపడని చోట, చేతులు పట్టుకుని ఇదే అనుకుంటారు.

ఆలస్యంగా_చూశా

ఈ చర్చంతా ఇవాళే చదివాను. మా స్కూల్లో క్లబ్ మొదలై చాలా రోజులైంది, పాత్రలన్నీ పంచేశారు. ఇప్పుడు చేరొచ్చా, వచ్చే ఏడాదిదాకా ఆగాలా?

వింగ్స్‌లో_నేను

ఇప్పుడే చేరు తమ్ముడూ. పాత్ర ఉండదు, పని ఉంటుంది. నన్నడిగితే ప్రాంప్టింగ్ పుస్తకం, అంటే మర్చిపోయినవాళ్ళకి డైలాగు అందించే స్క్రిప్టు, పట్టుకుంటానని చెప్పు. ప్రతి రిహార్సల్‌కీ వెళ్ళాలి, అందరి డైలాగులూ అందరి కదలికలూ నీ చూపుడువేలు కింద ఉంటాయి, ఎవరు ఎక్కడ ఆగుతారో ఎక్కడ మర్చిపోతారో నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎవరికైనా జ్వరమొచ్చి రిహార్సల్‌కి రాకపోతే వాళ్ళ చోట నిలబడి చదివేది కూడా నువ్వే. రిహార్సల్ మధ్యలో వెళ్ళి అడగకు, టీచర్‌కి అప్పుడు తల తిప్పే తీరిక ఉండదు. మొదలయ్యేదానికి పావుగంట ముందు వెళ్ళు, ఆ టైమ్‌లో కుర్చీలు జరుపుతూ ఉంటారు, నువ్వూ రెండు కుర్చీలు జరిపి అప్పుడు అడుగు.